ఎర్రమన్ను కందులు

సంత రోజు నర్మద మిల్లు వ్యాపారం చేయదు. అట్లని తలుపులు మూసి కూడా ఉండదు.

మిగతా రోజుల్లో ఆమె రైతుల కందులు కొంటుంది. పొద్దున్నే గేటు పక్కన పలక మీద ధర రాస్తుంది, రాసిన ధర సాయంత్రం దాకా మార్చదు. పప్పు పట్టించి హైదరాబాద్ దుకాణాలకు పంపుతుంది, లాభం తీసుకుంటుంది. సంత రోజు మాత్రం ఎవరి కందులు వాళ్లు తెచ్చుకుంటారు. నాగల్‌గిద్ద నుంచి, కల్హేర్ నుంచి, ఆటోల్లో, బస్సుల్లో, పిల్లను కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్లో సంచి పెట్టుకుని నారాయణఖేడ్‌లో దిగుతారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. మార్కెట్‌కు పోయే బస్తాలు మగవాళ్లవి, ఇంట్లో తినడానికి ఆపుకున్న గింజ ఆడవాళ్లది. ఒకరి గింజ అయిపోగానే మిషన్ ఆపాలి, రోలర్ తుడవాలి, జల్లెడ దులపాలి, అప్పుడు ఇంకొకరి గింజ పోయాలి. ఎవరి పప్పు వాళ్లకు. ఎవరి పొట్టు వాళ్ల బర్రెకు.

"మిషన్ నడిచేదానికన్నా ఆగేదే ఎక్కువైతున్నది. మనం పప్పు పడుతున్నమా, మిషన్ తుడుస్తున్నమా?" అంటాడు ఆమె తమ్ముడు సుభాష్. మిషన్ పనంతా అతనిదే కనుక అనే హక్కు ఉంది.

ఊళ్లో వేరే మిల్లులు ఒక్క సంచి కోసం మిషన్ ఆపవు. ఇంట్లో ఇసుర్రాయి ఉన్నా తిప్పే భుజాలు లేవు. అందుకని సంత రోజు నర్మద గేటు ముందు వరస కడతారు.

వచ్చేవాళ్లలో నాగల్‌గిద్ద సిద్దమ్మ ముందుంటుంది. కర్ణాటక సరిహద్దు ఊరిది కనుక ఆమె మాటలో కన్నడం దొర్లుతుంది, అమ్మను తాయి అంటుంది. వయసు ఎంతో ఆమెకే తెలియదు, పట్టుడు కూలి ఎంతో తెలిసి కూడా ప్రతిసారీ అడుగుతుంది.

"ముసల్దాన్ని. నా దగ్గర గూడ తీసుకుంటవా?"

"మిషన్‌కు నీ వయసు తెల్వదవ్వా."

"నీకు ధరమం తెల్వదు."

"తెల్వదు. పప్పు పట్టుడు తెలుసు."

సిద్దమ్మ కొంగు ముడి విప్పుతూ తిడుతుంది. కూలి ఇచ్చాక కూడా తిడుతుంది. పొట్టు తక్కువొచ్చిందని, సంచి మూతి వదులుగా కట్టారని. నర్మదకు ఆ తిట్లు కావాలి. ఎందుకు కావాలో ఆమె చాలాసార్లు తనలో తాను తవ్వి చూసుకుంది. ఊరికే ఇచ్చేవాళ్లను ఎవరూ తిట్టలేరు. తిట్టలేని చోట మనిషి నడుము కొంచెం వంగుతుంది. ఆ వంగిన నడుములను ఆమె చిన్నప్పుడు తన తండ్రి అరుగు కింద చూసింది. తండ్రి మంచివాడే. అడిగినవాళ్లకు లేదనకుండా గింజలు కొలిచి పోసేవాడు. తీసుకునేవాళ్లు మాత్రం తలెత్తి ఆయన మొహం చూసేవాళ్లు కాదు. ఆయన పోయాక తన వాటా చెల్క భూమి అమ్మి నర్మద ఈ మిల్లు పెట్టింది. వెనక గదిలో ఒక్కతే ఉంటుంది. మనుషులు పని మీద రావడం ఆమెకు సుఖం. ప్రేమ మీద వచ్చేవాళ్ల ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు.

ఇక్కడి ఇళ్లలో తిండి కందులకు ఎర్రమన్ను కలిపిన నీళ్లు పట్టించి, ఎండలో గలగలమనేదాకా ఆరబెడతారు. పురుగు పట్టదు, పొట్టు సులువుగా ఊడుతుంది, పప్పు మెత్తగా ఉడుకుతుంది. ఆ కందులు రోలర్‌లో పడితే మాత్రం మిల్లంతా ఎర్ర దుమ్ము. సాయంత్రానికి సుభాష్ కనుబొమ్మలు, నర్మద వెంట్రుకలు, గోడ మీది స్విచ్‌లు అన్నీ ఒకే రంగు. మర్నాడు హైదరాబాద్‌కు పోయే పప్పులో ఆ రంగు ఒక్క పిసరు కనిపించినా దుకాణంవాళ్లు ఫోన్ చేస్తారు.

ఈ ఏడు కందులు బాగా వచ్చాయి. మిల్లు రోలర్ మాత్రం అరిగిపోయింది. సరిగ్గా అప్పుడే సౌందర్య వచ్చింది.

సౌందర్య హైదరాబాద్‌లో ఒక పెట్టుబడి కంపెనీ మనిషి. లాభంతో పాటు జనానికి మేలు కూడా చేసే వ్యాపారాలను వెతికి డబ్బు పెట్టడం ఆ కంపెనీ పని. మొదటిసారి వచ్చినప్పుడే నర్మదకు ఆమె నచ్చింది. పొగడలేదు. మూలలకు పోయి చూసింది, తూకం దగ్గర నిలబడి రైతులతో మాట్లాడింది. వెళ్లాక ఫోన్ చేసి, మిల్లుకు పూర్తిగా కొత్త మిషన్లు పెట్టిస్తామంది. ఒక్క షరతు. కొత్త మిషన్ల లైన్ పొద్దుట మొదలుపెడితే సాయంత్రం దాకా ఆగకూడదు, మన్ను అసలే తగలకూడదు. కాబట్టి సంత రోజు పని ఆపేయాలి.

"ఆ రోజు ఎంత అందంగా ఉంటుందో నాకు తెలుసు నర్మద గారు. అందుకే మీ పప్పు ప్యాకెట్ మీద ఆ ఆడవాళ్ల బొమ్మే వేద్దాం. వాళ్ల కథ పోదు."

"కథ పోదు. రోజు పోతది," అంది నర్మద.

"కొత్త మిషన్ వస్తే ఇప్పటికి మూడింతల కందులు కొనగలరు. మూడింతల మంది రైతులకు మీరు పలక మీద రాసే ధర అందుతుంది. ఒక్క రోజు కోసం వాళ్లందరినీ వదులుకుంటారా? ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు వాళ్ల కోసం నడుపుతున్నారా, మీ కోసమా?"

ఆ ప్రశ్న నర్మదలోకి పోయి కూర్చుంది. పప్పు ఏరుతుంటే, తల దువ్వుకుంటుంటే, ఒక్కతే అన్నం తింటుంటే మళ్లీ మళ్లీ అదే అడిగింది. సంత రోజు తనను పదిమంది పేరు పెట్టి పిలుస్తారు, తిడతారు, చెయ్యి పట్టుకుని గుంజుతారు. మిగతా వారమంతా ఎవరూ ముట్టుకోరు. అంటే ఇదంతా తన ఆకలేనా? ఆ ఆకలికి సేవ అని పేరు పెట్టుకుందా? తండ్రి అరుగు మీద కూర్చున్నట్టు తను మిషన్ పక్కన కూర్చుందా? ఇట్లా అనుకున్నప్పుడల్లా షరతుకు ఒప్పుకోవడమే నిజాయితీ అనిపించేది.

"వచ్చే సంతకు వస్తాను. బొమ్మకు కొన్ని ఫోటోలు తీసుకుంటాను. అప్పుడే మీ మాట చెప్పండి," అంది సౌందర్య.

సుభాష్ అప్పటికే మనసులో కొత్త మిషన్ బిగించేశాడు. "నువ్వు ఊకె పరేషాన్ కాకు అక్కా. ఏడేండ్ల నుంచి గీ డబ్బాతోని కొట్లాడుతున్న. నా చేతులు చూసినవా? ఒక్క రోజు పోతే ఏమైతది? వాళ్లు గూడ మనకే అమ్ముకుంటరు, మంచి ధర వస్తది."

నర్మద అతని చేతులు చూసింది. వేళ్ల సందుల్లో ఎర్రమన్ను ఇంకిపోయి ఉంది.

*

సంత రోజు సౌందర్య కారు గేటు ముందు ఆగేసరికి వరస కట్టి ఉంది. ఆ వరసలో ఏదో తేడా ఉందని నర్మదకు దూరం నుంచే తెలిసింది. ఏమిటో వెంటనే తెలియలేదు. ఆడవాళ్లు నిశ్శబ్దంగా ఉన్నారు. మంచి చీరలు కట్టుకున్నారు. సంచులు ఉతికి ఉన్నాయి. ఎవరూ ఎవరినీ తోసుకోవడం లేదు. సిద్దమ్మ నెత్తికి నూనె రాసుకుని పెళ్లికి వచ్చినదానిలా నిలబడి ఉంది. కూలి సంగతి కూడా ఎత్తలేదు.

"ఏందవ్వా, ఇయ్యాల తిట్టవా?"

"షహర్ నుంచి తాయి వచ్చింది గద. తిడ్తే మంచిగుంటదా?" అంది సిద్దమ్మ సౌందర్య వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

సౌందర్య ఫోన్ పట్టుకుని పక్కకు జరిగింది. సిద్దమ్మ సంచి ఎత్తి మిషన్ తొట్లోకి వంచింది. కందులు జారాయి. ఎప్పుడూ ఎర్రగా, గలగలమంటూ దూకే గింజలు ఆ రోజు శుభ్రంగా, గోధుమ రంగులో, శబ్దం లేకుండా జారాయి. ఆ నిశ్శబ్దం నర్మద చెవికి తగిలింది. చెయ్యి చాపి ఒక గింజ పట్టుకుని గోరుతో నొక్కింది. గోరు దిగింది.

"సుభాష్, ఆపు!"

అప్పటికే రోలర్ అందుకుంది. మిషన్ ఒకసారి మూలిగింది. పప్పు రావాల్సిన చోట ముద్ద వచ్చింది. బెల్టు జారుతూ కీచుమంది, రబ్బరు కాలిన వాసన లేచింది. సుభాష్ ఒక్క గెంతులో స్విచ్ కొట్టాడు.

నర్మద రోలర్ మీద అతుక్కున్న పచ్చటి పిండిని వేలితో గీకింది.

"కడిగినవా అవ్వా?"

సిద్దమ్మ తల దించుకుంది. సిద్దమ్మ తల దించుకోవడం నర్మద చూడటం అదే మొదటిసారి.

"అందరం కడిగినం," అంది వరసలోంచి ఇంకొకామె. "మన్ను ఉంటే మిల్లు ఖరాబ్ కనిపిస్తదంట. పెద్దోళ్లు వస్తున్నరు, ఇయ్యాల మన్ను తేవద్దని సుభాషే కబురు పంపిండు. నిన్న మాపటికి కడిగి ఆరబోసినం. పొద్దుగూకింది, ఆరలే."

సుభాష్ మొహం కందగడ్డలా అయింది. "నేను మన్ను తేకున్రి అన్న. కడగమన్ననా? మన్ను పెట్టని కందులు తెమ్మన్న!"

"మన్ను పెట్టని కందులు మా ఇండ్లల్ల ఏడుంటయి?" అంది ఆమె. "తినే గింజకు మన్ను పెట్టక ఏం పెడ్తరు?"

వరసలో ఒక నవ్వు పుట్టి, కారు వైపు చూసి, ఆగిపోయింది.

సౌందర్య దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. నిజంగానే జాలిపడుతోంది. "చూశారా, నేను భయపడేది దీనికే. వీళ్ల తప్పు కాదు. ఈ పద్ధతే ఇట్లాంటిది. ఇదే కొత్త లైన్ మీద జరిగితే? పోనీయండి, ఫోటోలకు మిషన్ నడవక్కర్లేదు. ఈ అవ్వను ఒకసారి సంచి ఎత్తమనండి చాలు."

"దేనికి ఫోటో?" అంది సిద్దమ్మ. తల ఇంకా పూర్తిగా ఎత్తలేదు.

"పప్పు ప్యాకెట్ మీద మీ బొమ్మ వేస్తాం అవ్వా. మీరు ఇట్లా మీ కందులు మీరే పట్టించుకుంటున్నట్టు."

"హౌదా?" సిద్దమ్మ మొహం ఒక్క క్షణం వెలిగింది. "మరి మిల్లు ఎప్పుడు బాగైతది? వచ్చే సంతకా?"

సౌందర్య నర్మద వైపు చూసింది. నర్మద ఇంకా వాళ్లకు చెప్పలేదని అప్పుడు అర్థమైంది ఆమెకు. నర్మదకు కూడా అప్పుడే అర్థమైంది, తను ఎందుకు చెప్పలేదో. ఇన్ని రోజులూ తన మనసును తవ్వుకోవడంలో మునిగి, ఈ రోజు ఎవరిదో వాళ్లను ఒక్క మాట అడగలేదు. తన ఆకలి మంచిదా చెడ్డదా అని తూచుకుంటూ కూర్చోవడం కూడా అరుగు మీద కూర్చోవడమే.

చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కొత్త మిషన్ వస్తుందని, ఎక్కువ కందులు కొంటానని, ధర పలక మీదే ఉంటుందని, సంత రోజు ఉండదని.

సిద్దమ్మ విన్నది. అర్థం చేసుకోవడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు.

"అంటే తినే కందులు గూడ నీకే అమ్మాల్నా?"

"అమ్ముకోవచ్చు."

"అమ్మి, మేమేం తినాలె? పప్పు కొనుక్కోవాల్నా?"

నర్మద వేలికంటిన పిండిని కొంగుకు తుడుచుకుంది.

"మా కందులు నువ్వు కొని, మా బొమ్మేసి, మాకే అమ్ముతవా?" సిద్దమ్మ ఇప్పుడు తల పూర్తిగా ఎత్తింది. "బేడ బిడ్డా, వద్దు. నా మొగడు పోయిన కాడి నుంచి ఇంట్ల అన్నీ కొడుకు చేతులకే పోయినయి. చెల్క పోయింది, పాసుబుక్కు పోయింది. గీ సంచి ఒక్కటి నాది. గిది గూడ బొమ్మల పెడ్తవా?"

ఆ మాట నర్మదకు దెబ్బలా తగలలేదు. చాలాకాలంగా తడుముకుంటున్న గొళ్లెం చేతికి దొరికినట్టు అనిపించింది. మూడింతల మంది రైతులన్న మాట అబద్ధం కాదు. ఇదీ అబద్ధం కాదు. రెంటినీ తూచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు, హైదరాబాద్‌లో కూడా లేదు. ఒకటి ఎంచుకుని, పోయేది పోతుందని ఒప్పుకుని నిలబడటమే ఉంది.

"మేడం, ఫోటో తీయకున్రి," అంది.

"నర్మద గారు, తొందరపడకండి. కోపంలో..."

"కోపం ఉన్నది. అయినా సోయిలనే ఉన్న. ఆ దినం ఒకటి అడిగిన్రు గద, వాళ్ల కోసమా, నా కోసమా అని. నా కోసమే. నాకు ఈ రోజు కావాలె. లాభం గూడ నా కోసమే, అది గూడ కావాలె. నేనేం దేవతను కాదు, నా మనసు కడిగి తెచ్చి మీకు చూపియ్య. కడిగితే ఏమైతదో ఇప్పుడే చూసిన్రు గద."

సౌందర్య రోలర్ మీది ముద్ద వైపు చూసింది. "ఈ షరతు లేకుండా మా కంపెనీ ఒప్పుకోదు. నేను అడిగి చూస్తాను కానీ, ఒప్పుకోదు."

"అడగకున్రి. మీ మాట పోతది."

"మూడింతలు కొనే అవకాశం..."

"పోతది. తెలుసు. కొందరు రైతులు ఈ ఏడు గూడ దళారీకే అమ్ముకుంటరు. వాళ్లు నన్ను తిడ్తరు. తిట్టనీయిన్రి, పడత."

సౌందర్య ఫోన్ సంచిలో పెట్టుకుంది. వెళ్లబోతూ సిద్దమ్మ దగ్గర ఆగి, "మిమ్మల్ని ముందే అడగాల్సింది," అంది. సిద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఎండల పోతున్నవ్ తాయి, నీళ్లన్న తాగు," అంది. సౌందర్య నీళ్లు తాగి వెళ్లింది.

కారు హైదరాబాద్ రోడ్డు మలుపు తిరిగేదాకా సుభాష్ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చేతిలోని పానా నేల మీద విసిరికొట్టాడు.

"అయిపోయింది! ఇగ జిందగీ అంతా గీ డబ్బానే! నన్నొక్క మాట అడిగినవా అక్కా?"

"లేదు. నువ్వు కబురు పంపేటప్పుడు నన్ను అడిగినవా?"

సుభాష్ వంగి పానా తీసుకున్నాడు.

"రోలర్‌కు కొత్త పూత వేయొస్తదా రాదా? అది చెప్పు."

"వస్తది," అన్నాడు గోడతో చెప్పినట్టు. "వారం దినాలు పడ్తది. ఖర్చయితది. ఎన్ని దినాలు ఆగుతదో మళ్ల నన్నడగకు."

నర్మద ఆడవాళ్ల వైపు తిరిగింది. వాళ్లు ఎవరి సంచి మీద వాళ్లు కూర్చుని ఉన్నారు. కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ కళ్లలో కృతజ్ఞత లాంటిదేదో మెరవబోతోంది. నర్మద దానికి భయపడింది. అది వచ్చిందంటే వచ్చే సంతకు వీళ్లు తనను తిట్టరు.

"ఇనున్రి," అంది గట్టిగా. "రోలర్ ఖర్చు నేనొక్కదాన్నే మోయ. వచ్చే సంత నుంచి పట్టుడు కూలి పెంచుతున్న."

అరుపులతో మిల్లు కప్పు లేచిపోయింది.

"పెంచుతదంట! పొద్దుగాల నుంచి బుక్కెడు పప్పు రాలే, పెంచుతదంట!"

"గా తాయే నయం, నీళ్లు తాగి ఊకె పోయింది!"

"మా కందులు ముద్ద చేసి మాకే రేటు చెప్తవా?"

"కడిగిందెవరు?" అంది నర్మద.

"కడగమన్నదెవరు?" అంది సిద్దమ్మ, నడుం మీద చెయ్యి పెట్టుకుని. "నీ తమ్ముడు! వాని జీతంల పట్టుకో!"

సుభాష్ ఇష్టం లేకుండానే నవ్వాడు. బేరం చాలాసేపు నడిచింది. నర్మద దిగలేదు, వాళ్లు దిగలేదు, చివరికి ఇద్దరికీ నచ్చని చోట ఆగింది. పొట్టు జల్లెడ దగ్గరే తమ కళ్ల ముందు తూచి ఇవ్వాలని కూడా ఒప్పించుకున్నారు. ఆ తర్వాత అందరూ కలిసి తడి కందులను మిల్లు ముందు వాకిట్లో వేరు వేరు కుప్పలుగా పరిచారు. కుప్పకూ కుప్పకూ మధ్య చీపురుతో గీతలు గీశారు. ఎండ గట్టిగానే ఉంది. సాయంత్రం ఎవరి కుప్ప వాళ్లు సంచికెత్తుకుని, పట్టించకుండానే ఇంటికి పోయారు.

సుభాష్ ఆ వారం ఇంటికి అన్నానికి తప్ప కదల్లేదు. రోలర్ విప్పాడు, పాత పూత గీకాడు, కొత్తది పోశాడు. అక్కతో మాట్లాడలేదు. అయిపోయాక మాత్రం ఆమెను పిలిచి, రోలర్ మీద అరచెయ్యి రాయించాడు. గరుకుగా, సమంగా ఉంది.

పలక మీద ఆ వారం ధర రాస్తున్నప్పుడు నర్మద చెయ్యి ఒకసారి ఆగింది. కొనలేకపోయిన కందులు కళ్ల ముందు కదిలాయి. ఒక రైతు గేటు ముందే ట్రాక్టర్ ఆపి, "నీకు పెద్ద మిషన్ వస్తుండె గద, ముసలోళ్ల కోసం వద్దన్నవంట," అని ఉమ్మి పోయాడు. ఆమె ఆ మాట తుడుచుకోలేదు. రాయాల్సిన ధర రాసింది.

మళ్లీ సంత. గేటు తెరిచేసరికి వరస తోసుకుంటోంది. ముందు సిద్దమ్మ. పాత చీర, ఉతకని సంచి. ముడి విప్పి తొట్లోకి వంచింది. గలగలమంటూ దూకాయి కందులు. ఎప్పటికన్నా రెండింతలు మందంగా ఎర్రమన్ను. గింజ కన్నా మన్నే ఎక్కువ ఉన్నట్టుంది.

"ఇంత మన్నేందవ్వా? లోపల కందులున్నయా?"

"కావాలనే పెట్టిన," అంది సిద్దమ్మ. "ఏం చేస్తవ్?"

"మన్నుకు వేరే కూలి."

"నీకు ధరమం తెల్వదు!"

"తెల్వదు," అంది నర్మద. సుభాష్‌కు సైగ చేసింది. మిషన్ అందుకుంది. ఎర్రటి దుమ్ము లేచి అందరి మొహాల మీద, గోడల మీద, తెల్లారి పప్పు నింపి హైదరాబాద్ పంపాల్సిన ఖాళీ ప్యాకెట్ల మీద పడింది. తుడవడానికి సాయంత్రం దాకా టైముంది.